సిగ్నల్‌కు కుంకుమబొట్టు

చిక్కడపల్లిలో రోడ్డు దాటడానికి కావలసినవి రెండే: ఒక చెయ్యి, కొంచెం మొండితనం. చెయ్యి చాపి, అరచెయ్యి బండ్ల వైపు తిప్పి, ఆగకుండా నడుస్తూ పోవాలి. పరుగెత్తకూడదు. వెనక్కి అడుగు అసలే వేయకూడదు. వేస్తే బండివాడికి మన మీద నమ్మకం పోతుంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు ఈ విద్య నడకతో పాటే వస్తుంది. నాకు మా అమ్మ నేర్పింది. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో నా రెక్క ఉన్నా ఆమె ఉత్త మోచేత్తో సిటీ బస్సును ఆపేది.

మా నాన్నకు మాత్రం అది అబ్బలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఆయన రోడ్డు అంచున నిలబడి, బండ్లు వాటంతట అవే ఆగుతాయని చూసేవాడు. నడిచేవాడికి దారి ఇవ్వడం బండివాడి విధి అని రూల్ ఉంది, కనుక అవి ఆగాలి. ఆ రూల్ ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో రోడ్డు భద్రత చూసే సెక్షన్‌లో గుమాస్తాగా చేరి అక్కడే సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. పైనుంచి వచ్చిన విధానాలకు నోట్ రాయడం, కిందినుంచి వచ్చిన అర్జీలకు జవాబు రాయడం, ఇదే ఆయన ఉద్యోగం. పాదచారుల రక్షణ గురించి అన్ని కాయితాలు రాసిన మనిషి, పాదచారిగా మాత్రం సున్నా.

"దారి మనది బిడ్డా. వాళ్ళది కాదు" అనేవాడు రోడ్డు అంచున నిలబడి.

"మనదైతే దాటు మరి."

"వాళ్ళు ఆగాలె గదా."

నేను నారాయణగూడలో ఒక బడిలో లెక్కలు చెప్తాను. స్కూటీ మీద పోయి వస్తాను. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. బండి మీద ఉన్నంతసేపు నాకు నడిచేవాళ్ళందరూ కళ్ళు లేని మనుషుల్లా కనిపిస్తారు. బండి దిగి నడిచానంటే బండ్లవాళ్ళందరూ రాక్షసుల్లా కనిపిస్తారు. రెండు అభిప్రాయాలూ గట్టివే. ఒకదానికొకటి ఎప్పుడూ అడ్డం రాలేదు.

మా ఇల్లు అశోక్‌నగర్ వైపు గల్లీలో. గల్లీ చివర మెయిన్ రోడ్డు, నడిమధ్య మెట్రో పిల్లర్లు, అవతలి పక్క కొంచెం నడిస్తే లైబ్రరీ. రిటైరైన మర్నాటి నుంచి నాన్నకు ఆ లైబ్రరీయే ఆఫీసు. పొద్దున తలుపులు తీసేసరికి అక్కడ ఉండాలి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చంకన గుడ్డ సంచి. సంచిలో ఏముంటుందో నాకు ఈనాటికీ తెలియదు, బహుశా ఇంకో సంచి ఉంటుంది.

అక్కడ ఆయనకు పలుకుబడి ఉండేది. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు ఊళ్ళ నుంచి వచ్చి, మా గల్లీల హాస్టళ్ళలో మంచానికింత అని కిరాయి కట్టుకుని, పగలంతా లైబ్రరీలోనే గడుపుతారు. వాళ్ళకు పుస్తకాల్లో దొరకని ప్రభుత్వం మా నాన్న దగ్గర దొరికింది. ఒకసారి ఆయనకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోయినప్పుడు నేనే విన్నాను. ఒక పిల్ల పెన్ను పట్టుకుని అడుగుతోంది, "సార్, పాలసీకి మంజూరుకి తేడా ఏంది?"

"పాలసీ అంటే చెయ్యాలె అనుకునుడు" అన్నాడు నాన్న. "స్కీము అంటే చేస్తమని చెప్పుడు. మంజూరు అంటే చెయ్యమని రాసుడు. విడుదల అంటే పైసలొచ్చుడు. మొదటి మూడు కాయితం మీద అయితయి. నాలుగోదానికి మొక్కుకోవాలె."

ఆ పిల్ల అదంతా బుద్ధిగా రాసుకుంది. పరీక్షలో కూడా అట్లాగే రాసిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇంతకీ రోడ్డు దాటడం రాని మనిషి రోజూ లైబ్రరీకి ఎట్లా పోయేవాడంటే, ఈ పిల్లల పుణ్యాన. మా గల్లీ మొగదల పూలమ్మే అక్క గంప పెట్టుకుని కూర్చుంటుంది. పొద్దున ఆ గంప దగ్గర పిల్లలు ఒక్కొక్కరే జమ అవుతారు. ఒక్కరు దాటితే బండ్లు ఆగవు, ఇద్దరు దాటితే హారన్ కొడతాయి, గుంపు దాటితే ఆగుతాయి. అందుకని గుంపు అయ్యేదాకా అందరూ ఆగుతారు. ఎవరూ ఎవరికీ చెప్పరు, ఎప్పుడు గుంపు అయిందో అందరికీ ఒకేసారి తెలుస్తుంది. అప్పుడు అందరూ కలిసి దిగుతారు. నాన్న ఆ గుంపు నడిమధ్య పెళ్ళికొడుకులాగ, అటూ ఇటూ చూడకుండా, నిటారుగా దాటేవాడు. అవతలికి చేరాక వెనక్కి తిరిగి బండ్ల వైపు చూసేవాడట, 'చూశారా, రూల్ అంటే ఇది' అన్నట్టు. ఇది పూలక్క చెప్పింది.

ఒకసారి పరీక్షలు అయిపోయాయి. పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్ళకు పోయారు. గల్లీ బోసిపోయింది. ఆ వారంలోనే ఒక పొద్దున నాన్న గంప పక్కన చాలాసేపు నిలబడ్డాడు. గుంపు కాలేదు. పూలక్క దగ్గర ఎవరో మూరలు కొలిపించుకుంటున్నారు, లేకపోతే ఆమె దాటించేది. చివరికి ఒక కారు మెల్లగా అయింది. రూల్ పాటించే మనిషి దొరికాడని నాన్న సంబరంగా దిగాడు. ఆ కారు పక్క నుంచి బైకు వచ్చింది.

మణికట్టు ఎముక చిట్లింది. అంతకుమించి ఏమీ కాలేదని డాక్టర్ చెప్పాడు. నాకు ఆ మాట చెవికెక్కలేదు. చాలా భయపడ్డాను. అమ్మ పోయిన రోజు తర్వాత మళ్ళీ అంత భయపడింది అప్పుడే. నాకు భయం వేస్తే ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఆస్పత్రి నుంచి ఆటోలో వస్తూనే తీర్పు చెప్పేశాను.

"నాన్నా, ఇంక రోడ్డు దాటేది లేదు. లైబ్రరీ బంద్."

ఆయన కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి ఇంటికి పేపర్ వేయించాను. ఒకటి కాదు, రెండు. ఆయన వాటిని కొత్త అల్లుణ్ణి చూసినట్టు మర్యాదగా చూసి పక్కన పెట్టేవాడు. అడిగితే చెప్పాడు, లైబ్రరీలో పేపర్ విడిగా పేజీలు పేజీలుగా దొరుకుతుందట. ఎడిటోరియల్ పేజీ ఒకాయన దగ్గర ఉంటుంది, ఆయన ఇచ్చేదాకా ఆగాలి. ఆగేటప్పుడు పక్కాయనతో మాట్లాడాలి. చదివాక ఒక మాట అనాలి, దానికి ఎవరో ఒకరు కాదనాలి. "ఇంట్ల పేపర్ల వార్తలు ఉన్నయి బిడ్డా. కాదనేటోళ్ళు లేరు" అన్నాడు.

"నేను కాదంట గదా."

"నువ్వు అన్నిటికీ కాదంటవు. అది లెక్కకు రాదు."

చుట్టాలు, ఇరుగుపొరుగు తలా ఒక సలహా ఇచ్చారు. మెట్రో స్టేషన్ మెట్లెక్కి అటు దిగొచ్చు కదా అన్నారు. దిగొచ్చు. లిఫ్టు కూడా ఉంది. అయితే ఆ లిఫ్టు దాకా పోవాలంటే ఫుట్‌పాత్ మీద నడవాలి. ఆ ఫుట్‌పాత్ మీద ఒక జిరాక్స్ బోర్డు, పార్కింగ్ చేసిన బండ్లు, ఇడ్లీ బండి, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాపురం ఉంటాయి. వాటిని తప్పించుకోవడానికి రోడ్డు మీదికి దిగాలి. రోడ్డు దాటకుండా ఉండటానికి రోడ్డు మీద నడవాలన్నమాట. నాన్న ఆ సలహా విని, "ఇది ఎవరో మా ఆఫీసోళ్ళే చెప్పినట్టున్నరు" అన్నాడు. ఆ నెలలో ఆయన నవ్వింది అదొక్కసారే.

ఆయనను అట్లా చూడటం నాకు కష్టంగా ఉండేది. పొద్దున లేవడం, స్నానం చేయడం, ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మానలేదు. వేసుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. నేను బడికి పోయేటప్పుడు అక్కడే, వచ్చేటప్పుడు అక్కడే. చొక్కా మడత కూడా నలగలేదు.

చేతి కట్టు ఉండగానే ఒక ఆదివారం నన్ను కూర్చోబెట్టి అర్జీ రాయించాడు. గల్లీ చివర నడిచేవాళ్ళ కోసం సిగ్నల్ కావాలని. "పై విషయమై తమ దృష్టికి తెచ్చునది ఏమనగా" అని మొదలుపెట్టి, వృద్ధులు, విద్యార్థులు, లైబ్రరీ, పాదచారుల భద్రతా విధానం, రోడ్డు భద్రత నిధి, అన్నీ వరసగా చెప్పించాడు. మాటకు మాట అతికినట్టు ఉంది. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత రంగు వచ్చింది. నేను గబగబా రాస్తుంటే, "మార్జిన్ వదులు. వాళ్ళు నోట్ రాసుకోవాలె గదా" అని గుర్తుచేశాడు.

జవాబు వచ్చింది. రావడమే గొప్ప. 'సదరు ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది. నిధుల లభ్యతను బట్టి తగు చర్య తీసుకొనబడును.'

నాన్న చదివి, మళ్ళీ చదివి, కళ్ళజోడు తీసేశాడు. "ఇది నా వాక్యమే" అన్నాడు.

"అంటే?"

"నేను కట్టిన వాక్యమే బిడ్డా. నాకంటె ముందు 'ఇప్పట్లో వీలుకాదు' అని రాసేటోళ్ళు. అది చదివితే మనిషి చిన్నబోతడని నేను దీన్ని పెట్టిన. జర ఆశ ఉండాలె గదా అని. ఇంకా నడుస్తున్నదన్న మాట."

గర్వపడాలో ఏడవాలో తెలియని ముఖం పెట్టాడు. నేను ఊరుకోకుండా, "నీ బాణం నీకే తగిలింది నాన్నా" అన్నాను. ఆయన నవ్వబోయి, ఆ కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చాలాసేపటికి తనలో తాను అన్నట్టు అన్నాడు, "ఎంతమందికి రాసిన్నో."

వేసవి పోయి వానలు పడ్డాక ఒక రోజు గల్లీ చివర గుంత తవ్వారు. తవ్వడం మా దగ్గర వార్త కాదు, మంచినీళ్ళకు ఒకరు తవ్వుతారు, పూడ్చగానే కేబుల్‌కు ఇంకొకరు తవ్వుతారు. ఈసారి మాత్రం గుంతలో స్తంభం నిలబెట్టారు. దానికి దీపాలు, నడుము దగ్గర ఒక డబ్బా, డబ్బాకు గుండ్రటి బటన్. రోడ్డు మీద ఇటు నుంచి అటు తెల్లటి పట్టీలు, వాటికి కొంచెం ముందర బండ్లు ఆగడానికి అడ్డంగా ఒక తెల్లగీత. నడిచేవాడు బటన్ నొక్కితే కాసేపటికి బండ్లకు ఎర్రదీపం, మనకు పచ్చమనిషి.

అది నాన్న అర్జీ వల్ల వచ్చిందో, ఊరంతా పెట్టే వరసలో మాకూ వచ్చిందో, ఎవరికీ తెలియదు. నాన్నకు మాత్రం తెలుసు. "విడుదల అయింది" అన్నాడు, మనవడు పుట్టాడన్నంత సంబరంగా.

మొదటి రోజు నేనూ వెంట పోయాను. చేతి కట్టు ఎప్పుడో విప్పేశారు. నాన్న ఆ చేతి బొటనవేలితోనే, వేలిముద్ర వేసినట్టు, బటన్ మీద నిదానంగా నొక్కిపెట్టాడు. కొంతసేపు ఏమీ కాలేదు. తర్వాత ఎర్రదీపం వెలిగింది. కొన్ని బండ్లు ఆగాయి. కొన్ని ఆగినవాటిని చూసి ఆగాయి. ఒక ఆటో ఆగకపోతే, పక్కనే ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిల్ వేసి ఆపాడు. నాన్న రోడ్డు మధ్యకు పోయి, అక్కడ నిలబడి, ఒక్కొక్క బండి ముందు చక్రం చూడటం మొదలుపెట్టాడు.

"నాన్నా, నడువు. బండ్లకు పచ్చ పడ్తది."

"ఆగితే ఏం లాభం, గీత వెనక ఆగాలె. అగో, ఆ నల్ల బండి చూడు."

నల్ల బండి అతను మాకు దండం పెట్టి వెనక్కి జరిగాడు. మా నాన్న లైబ్రరీకి పోయాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అరగంట సేపు ఎవరో ఎడిటోరియల్ గురించి ఎంత తప్పుగా మాట్లాడారో చెప్పాడు. నాకు ఏమీ అర్థం కాలేదు, కానీ అంత హాయిగా ఎప్పుడూ వినలేదు. నేను పెట్టిన షరతు ఒక్కటే: బటన్ నొక్కకుండా అడుగు వేయకూడదు. ఆయనకు షరతులంటే ఇష్టం, వెంటనే ఒప్పుకున్నాడు. పేపర్లు మాత్రం మాన్పించలేదు. ఎందుకైనా మంచిదని వేయించుకుంటూనే ఉన్నాను.

కొన్నాళ్ళకు రోజూ ఆ దారిన పోయే బండ్లు బటన్‌కు అలవాటుపడ్డాయి. ఆఫీసులకు పోయేవాళ్ళు, స్కూల్ ఆటోలు, పాల బండ్లు, అన్నీ గల్లీ మొగదలకు రాగానే కొంచెం నిదానించేవి. నోటిఫికేషన్ పడింది, పిల్లలు ఊళ్ళ నుంచి తిరిగొచ్చారు. ఇంక గుంపు కోసం ఆగే పని లేకుండా ఇద్దరిద్దరే దాటేవాళ్ళు. పూలక్క బేరం పెరిగింది. ఎర్రదీపం పడగానే ఆగిన బండ్ల దగ్గరికి పోయి మూరలు అమ్మేది. అంతా బాగుంది. అంతా బాగున్నప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారు? పూజ చేస్తారు.

దసరా వచ్చింది. పొద్దున్నే మా గల్లీలో బండ్లన్నీ స్నానాలు చేసి, బొట్లు పెట్టుకుని, మెడలో బంతిపూల దండలతో నిలబడ్డాయి. చక్రాల కింద నిమ్మకాయలు. ఆటోవాళ్ళు ఆటోలకు, కుట్టుమిషన్ ఉన్నవాళ్ళు మిషన్‌కు, నేను స్కూటీకి. మనకు పని చేసి పెట్టేదానికి ఏడాదికొకసారి దండం పెట్టాలి, అది లెక్క. ఆ లెక్కలో పూలక్కకు ఒక ఆలోచన వచ్చింది.

"సారూ, అందరికీ పని జేసేది గిదే గదా. గీనికి పూజ లేకపాయె" అంది, సిగ్నల్ స్తంభాన్ని చూపించి.

నాన్న అడ్డం చెప్తాడనుకున్నాను. ప్రభుత్వ ఆస్తి, రూల్ ఒప్పుకోదు అంటాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మా ఆఫీసుల టైపు మిషన్‌కు చేసినం, జీపుకు చేసినం, బీరువకు చేసినం. దీనికి చెయ్యకపోతే ఎట్ల?" అన్నాడు.

ఇంక చూసుకోండి. పూలక్క గంపలో ఉన్న దండలన్నీ స్తంభానికి పైనుంచి కిందికి చుట్టారు. ఆటోవాళ్ళు మూలమూలకూ పసుపు పట్టించారు. బటన్‌కైతే ముద్దగా పెట్టారు, దాని చుట్టూ ఉన్న సందులో కూడా నిండిపోయింది. ఆ పసుపు మధ్యన నాన్న ఉంగరం వేలితో కుంకుమబొట్టు దిద్దాడు. స్తంభం మొదట్లో కొబ్బరికాయ కొట్టారు. సగం నీళ్ళు డబ్బా మీదే పడ్డాయి. హారతి ఇచ్చారు. నేను అక్కడే ఉన్నాను. దండం కూడా పెట్టుకున్నాను. ఆ సిగ్నల్ మీద నిజంగానే నాకు భక్తి ఉంది.

పండగ మర్నాడు ఆఫీసులు తెరిచారు. నేను బడికి బయలుదేరి గల్లీ దాటలేకపోయాను. రోడ్డు మీద బండ్లు కదలడం లేదు. ఒకవైపు నారాయణగూడ దాకా, ఇంకోవైపు క్రాస్‌రోడ్స్ దాకా హారన్లు. విషయం ఏమిటంటే, రాత్రికి పసుపు ఎండి గట్టిపడింది. బటన్ లోపలికి పోయి అట్లాగే బిగుసుకుంది. డబ్బా దృష్టిలో ఎవరో ఒకరు దాటడానికి ఎప్పుడూ నిలబడే ఉన్నారు. వదిలిందే ఆలస్యం, మళ్ళీ ఎర్రదీపం. దాటేవాడు ఒక్కడూ లేడు, ఎందుకంటే దండల కింద పచ్చమనిషి కనిపిస్తే కదా. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది.

కానిస్టేబుల్ చెమటలు కక్కుతూ వచ్చాడు. దండలు పీకి, తాళంచెవితో పసుపు గోకాడు. బటన్ ఊడి చేతిలోకి వచ్చింది.

"ఎవలు పెట్టిన్రు దీనికి?" అన్నాడు.

ఆటోవాళ్ళు ఆకాశం చూశారు. పూలక్క పూలకు నీళ్ళు చల్లుకుంటోంది. నాన్న ముందుకు వచ్చి, "నేనే పెట్టిన" అన్నాడు, చేతులు కట్టుకుని.

కానిస్టేబుల్ ఆయనను పైనుంచి కిందికి చూశాడు. "నిన్నేమంట పెద్దాయనా. మా స్టేషన్ల మేము గూడ జీపుకు పెట్టినం" అని నిట్టూర్చి ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ఎవరో వచ్చి, వైర్లు తీసేసి, స్తంభం తల మీద గోనెబస్తా తొడిగి తాడుతో కట్టిపోయారు. మళ్ళీ ఎప్పుడు బాగవుతుందని నాన్న అడిగితే కానిస్టేబుల్ చెప్పాడు, "పెట్టనీకి ఫండ్ వచ్చింది సార్. బాగు చేసేటిది వేరే పద్దు. అది రావాలె."

నాన్న తల ఊపాడు. ఆ పద్దు సంగతి ఆయనకు చెప్పాలా. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ వరం కూడా వచ్చింది, మేమే పూజ చేసి పోగొట్టుకున్నాం.

ఆ రోజు రాత్రి అన్నం దగ్గర నేను పాత తీర్పు మళ్ళీ చదివాను. సిగ్నల్ లేదు కనుక లైబ్రరీ లేదు. గొడవ అవుతుందనుకున్నాను. "సరే బిడ్డా" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నాకే బాధేసింది. తన వల్లే పాడైందని కుంగిపోయాడు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత నేను బడి నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గరే కూర్చుని ఉండేవాడు. పేపర్లు మడత విప్పకుండా బల్ల మీదే ఉండేవి. అలిగాడనుకుని, ఆయనకిష్టమని సర్వపిండి చేసి పెట్టాను. నాలుగు ముక్కలు తిని మళ్ళీ కిటికీ దగ్గరికి పోయాడు.

చలికాలం మొదట్లో మా బడిలో పరీక్షలకు ఒంటిపూట ఇచ్చారు. ఎండ నెత్తిమీదికి వచ్చేవేళకు నారాయణగూడ నుంచి వస్తున్నాను. హెల్మెట్, దాని కింద ముఖానికి చుట్టుకున్న చున్నీ, కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఆకలి దంచేస్తోంది. మా గల్లీ ఇంకొంచెం దూరం ఉందనగా ముందున్న బండ్లన్నీ ఆగిపోయాయి. సిగ్నల్ లేని చోట ఎందుకు ఆగాయో అర్థం కాలేదు. ఎవడో దున్నపోతు అడ్డం వచ్చి ఉంటాడని తిట్టుకుంటూ, రెండు కార్ల మధ్య సందులోంచి దూరి అందరికంటే ముందుకు వచ్చాను.

గోనెబస్తా కప్పిన స్తంభం పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చంకన సంచి. ఎముక చిట్లిన చెయ్యే ముందుకు చాపి, అరచెయ్యి మా వైపు తిప్పి, రోడ్డు మీదికి దిగి ఉన్నాడు. పరుగు లేదు, వెనకడుగు లేదు. అచ్చం మా అమ్మ చెయ్యి. ఆయన వెనక పుస్తకాలు పట్టుకున్న పిల్లలు, కర్ర పట్టుకున్న ఒక ముసలావిడ, ఇద్దరు బడిపిల్లలు. రోడ్డంతా ఆయన కోసం ఆగి ఉంది.

కోపంతో అరవబోయాను. ఇంతలో ఆయన ఆగిన బండ్ల ముందు చక్రాలు ఒక్కొక్కటే చూసుకుంటూ నా దాకా వచ్చాడు. కిందికి చూశాడు. తెల్లగీత నా చక్రానికి వెనక ఉంది.

"అమ్మా, గీత దాటినవ్" అన్నాడు, ఎవరో తెలియని మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా. "జర వెనకకు పో. పిల్లలు దాటాలె."

కాళ్ళతో నేల తన్నుకుంటూ బండిని వెనక్కి జరిపాను. నా వెనకవాడు గొణుక్కుంటూ జరిగాడు, వాడి వెనకవాడూ జరిగాడు. ముసలావిడ దాటింది, పిల్లలు దాటారు, అందరికంటే వెనక నాన్న దాటాడు. అవతలికి చేరాక ఒకసారి వెనక్కి తిరిగి బండ్ల వైపు చూశాడు. పూలక్క చెప్పిన చూపు అదే.

ఇంటికొచ్చాక ఆయనను ఏమైనా అనడానికి నాకు ముఖం లేదు. రోడ్డు దాటొద్దని ఆయనకు అన్నిసార్లు చెప్పాను కానీ, ఆ గీత దగ్గర ఎట్లా ఆగాలో నాకు నేను ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. సాయంత్రం టీ ఇస్తే ఆయన కిటికీ దగ్గరే కూర్చుని తాగాడు. సగం తాగాక మెల్లగా అన్నాడు.

"బిడ్డా, నీ బండి ముందు టైరుల గాలి తక్కువున్నది. కొట్టిచ్చుకో."

నేను కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఎప్పటి సంది దాటుతున్నవ్?"

"బస్తా కప్పినప్పటి సంది."

"భయం కాలేదా?"

"అయింది. మొదటి దినం పూలక్క చెయ్యి పట్టుకున్న. ఇంక తర్వాత చూస్తే, అందరూ ఆడికొచ్చి ఆగుతనే ఉన్నరు. డబ్బా పోయింది గని వాళ్ళ అలవాటు పోలేదు. అది పోకముందే నేను చెయ్యి పెట్టిన."

"బాగయ్యేదాకా ఆగొచ్చు గదా నాన్నా."

ఆయన జేబు తడుముకున్నాడు. ఆ పాత జవాబు ఇంకా అక్కడే ఉంది, మడత దగ్గర చిరిగిపోయి. తీయలేదు, ఊరికే చెయ్యి ఆనించి పెట్టుకున్నాడు.

"విడుదల ఎప్పుడయితదో నాకంటె బాగ ఎవలికి తెలుసు?" అన్నాడు. "లైబ్రరీ మాత్రం పొద్దుగాలనే తీస్తరు."

మర్నాడు పొద్దున పేపర్ వేసే అతను గేటు దగ్గరికి వచ్చినప్పుడు, ఇంక వద్దని చెప్పాను.